ఆకుపచ్చ గడిలో లాల్‌దర్వాజా చుక్క

*ఫోన్‌లో 62 వాక్యాలు, చివర ఒక చుక్క. మన రాజకీయం ఎక్కడుందో ఆ చుక్క చెబుతుందట. పేరు వినగానే ఓటు ఊహించేసే పాతబస్తీలో ఈ ఆట ఆడితే ఏం బయటపడింది?*

రాత్రి పదిన్నర దాటింది. షాలిబండ నుంచి లోపలికి తిరిగే సందు మొదట్లోని ఇరానీ హోటల్లో ఒక్కో బల్లా ఖాళీ అవుతోంది. గోడవార బల్ల దగ్గర మాత్రం నలుగురు కుర్రాళ్లు కదలడం లేదు. రెండు చాయ్‌లు నాలుగు సాసర్లలో పంచుకుని తాగేశారు. ఉస్మానియా బిస్కెట్ల ప్లేటులో పొడి మిగిలింది. నాలుగు తలలూ ఒకే ఫోన్ మీదికి వంగి ఉన్నాయి.

క్రికెట్ చూస్తున్నారనుకున్నాను. కాదు.

"తాగే నీళ్లు గూడ సీసలల్ల వోసి, పేరు వెట్టి అమ్ముకునే దాక వచ్చిందంటే అది మనకు సిగ్గుచేటు. ఒప్పుకుంటవా, లేదా?" ఫోన్ పట్టుకున్నవాడు ఇంగ్లీషు వాక్యాన్ని తెలుగు చేసి అడుగుతున్నాడు.

"మా గల్లీల నల్లా రోజు ఇడిసి రోజొస్తది. క్యాన్ ఏసేటాయన రాకపోతే మా అమ్మ పొయ్యి ఎలిగియ్యదు. సిగ్గుచేటే గానీ, ఆయన గూడ బతకాలె గదరా" అన్నాడు రెండోవాడు.

"కథ చెప్పకు. హౌనా, నక్కోనా?"

"హౌ రాయి. పక్కా హౌ రాయకు."

ఆ క్విజ్‌లో జవాబులు నాలుగే. గట్టిగా ఒప్పుకుంటాను, ఒప్పుకుంటాను, ఒప్పుకోను, గట్టిగా ఒప్పుకోను. ఈ నలుగురూ దాన్ని తమ బస్తీ భాషలోకి మార్చేసుకున్నారు: పక్కా హౌ, హౌ, నక్కో, పక్కా నక్కో. ఇంతకన్నా మంచి అనువాదం నేనెక్కడా చూడలేదు.

నలుగురూ పదో తరగతి దాకా ఒకే బడి. ఫోన్ పట్టుకున్నవాడిది లాల్‌దర్వాజా, సీఏ ఆర్టికల్‌షిప్ చేస్తున్నాడు. నీళ్ల క్యాన్ సంగతి చెప్పినవాడు ఉప్పుగూడ నుంచి వచ్చాడు, ఏసీలు బాగుచేస్తాడు. మూడోవాడిది మొఘల్‌పురా, బీఫార్మసీ ఆఖరి సంవత్సరం. నాలుగోవాడు లాడ్‌బజార్‌లో మేనమామ గాజుల దుకాణంలో కూర్చుంటాడు. ఒక్కొక్కరూ 62 వాక్యాలకు జవాబు చెప్పాలి, మిగతా ముగ్గురూ సాక్షులు. పన్నెండు దగ్గర పడుతుండగా చుక్కలు నాలుగూ బయటికొచ్చాయి.

లాల్‌దర్వాజా కుర్రాడి చుక్క ఆకుపచ్చ గడిలో పడింది.

హోటలంతా తిరిగి చూసేలా నవ్వారు. "ఏమ్రా, పతంగి వట్టినవా?" అని వాడి వీపు మీద చరిచారు. పతంగి మజ్లిస్ పార్టీ ఎన్నికల గుర్తు, ఆకుపచ్చ దాని జెండా రంగు. బోనాల వీధి నుంచి వచ్చిన కుర్రాడు పచ్చ గడిలో తేలడం వాళ్లకు ఆ రాత్రికి సరిపడా సరదా. ఎక్కడో దూరాన కూర్చుని ఆ క్విజ్ చేసినవాళ్లకు ఆ రంగు మా దగ్గర ఏమవుతుందో ఎలా తెలుస్తుంది? వాళ్ల లెక్కలో ఆకుపచ్చ అంటే బీదలకు ప్రభుత్వం అండగా ఉండాలి, మనిషి సొంత బతుకులోకి మాత్రం తొంగి చూడకూడదు అనేవాళ్ల గడి. అంతే.

మొఘల్‌పురా అబ్బాయి చుక్క దాదాపు అక్కడే, రవ్వంత కింద. ఉప్పుగూడ కుర్రాడిది ఎర్ర గడి. గాజుల దుకాణం అబ్బాయిది నీలం: పన్నులు తగ్గాలి, వ్యాపారం జోలికి ఎవరూ రాకూడదు, పిల్లలకైనా పెద్దలకైనా క్రమశిక్షణ ఉండాల్సిందే. ఒకే మసీదులో జుమ్మా నమాజుకు నిలబడే ఇద్దరి చుక్కల మధ్యే అన్నిటికన్నా ఎక్కువ దూరం. అన్నిటికన్నా దగ్గరగా పడినవి లాల్‌దర్వాజా చుక్క, మొఘల్‌పురా చుక్క.

ఆ బల్ల దగ్గరికి నేను కుర్చీ లాక్కున్నది అప్పుడే.

అసలీ ఆట ఏమిటి?

దాని పేరు పొలిటికల్ కంపాస్. 2001 నుంచి ఇంటర్నెట్లో ఉంది. మామూలుగా రాజకీయాన్ని ఒకే గీత మీద కొలుస్తారు: ఇటు ఎడమ, అటు కుడి. ఈ క్విజ్ దానికి ఒక నిలువు గీత కలిపింది. అడ్డగీత డబ్బు సంగతి చెబుతుంది. ఎడమకు వెళ్లేకొద్దీ సమాజం చేతిలో, కుడికి వెళ్లేకొద్దీ మార్కెట్ చేతిలో. నిలువు గీత కట్టడి సంగతి చెబుతుంది. పైకి వెళ్లేకొద్దీ పెద్దల మాట, చట్టం, సంప్రదాయం. కిందికి వచ్చేకొద్దీ ఎవరి ఇష్టం వాళ్లది. రెండు గీతలూ మైనస్ 10 నుంచి ప్లస్ 10 వరకు. రెండూ ఒకదాన్నొకటి కోసుకున్నచోట నాలుగు గళ్లు ఏర్పడతాయి. మన జవాబులను బట్టి చుక్క ఎక్కడో ఒకచోట వాలుతుంది.

ఇలా రెండు గీతలు గీయడం వాళ్లతో మొదలు కాలేదు. మనస్తత్వ శాస్త్రవేత్త హాన్స్ ఐసెంక్ 1954లోనే తన పుస్తకంలో ఇలాంటి పటం వేశారు. 1969లో అమెరికాలో డేవిడ్ నోలన్ మరో పటం గీశారు. దాని నుంచి పది ప్రశ్నల చిన్న క్విజ్ పుట్టింది. 2017లో 70 వాక్యాలతో ‘ఎయిట్ వాల్యూస్’ వచ్చాక కాలేజీ పిల్లలకు ఇదొక వేడుకైంది. జాతకచక్రం చూపించుకున్నంత ఉత్సాహంగా చుక్క చూపించుకుంటున్నారు.

నేనూ ఆడాను, రెండుసార్లు. మొదటిసారి ఇంట్లో ఒంటరిగా, ఇంగ్లీషులో గబగబా చదువుతూ. రెండోసారి ఆ హోటల్ బల్ల దగ్గర, వాళ్లు తెలుగు చేసి అడుగుతుంటే. నా చుక్క జరిగింది. ఇంగ్లీషులో ‘అథారిటీ’ని ప్రశ్నించాలా అని చదివినప్పుడు పోలీసు లాఠీ గుర్తొచ్చి వెంటనే అవునన్నాను. ‘పెద్దల మాటను ప్రశ్నించాలా’ అని తెలుగులో విన్నప్పుడు మా నాయనమ్మ గుర్తొచ్చింది, తటపటాయించాను. వాక్యం ఒకటే, ఒక్కో భాషలో ఒక్కో మనిషిని గుర్తు చేసింది. ఎదుటివాళ్లు వింటున్నారని తెలిస్తే ఇంకో తేడా. ఏ వాక్యం చదివినా ముందు ‘అవును’ అనేసే అలవాటు చాలామందిలో ఉంటుందని సర్వేలు చేసేవాళ్లకు ఎప్పటినుంచో తెలుసు. అందుకే ఆ చుక్కను రక్తపరీక్ష రిపోర్టులా పట్టుకు తిరగకూడదు.

> కుడి, ఎడమ ఎక్కడివి?
>
> 1789 వేసవి. ఫ్రాన్స్ జాతీయ సభలో రాజుకు ఎంత అధికారం ఉండాలన్న వాదన సాగుతోంది. రాజు పక్షం వహించేవాళ్లు అధ్యక్షుడికి కుడివైపు, మార్పు కోరేవాళ్లు ఎడమవైపు చేరారు. కూర్చున్న చోటే సిద్ధాంతానికి పేరైంది.
>
> తెలుగులో ‘లెఫ్ట్’ వామపక్షంగా స్థిరపడింది. ‘రైట్’ దగ్గరే చిక్కు. పత్రికలు చాలాకాలంగా దాన్ని ‘మితవాదం’ అని రాస్తున్నాయి. బడిలోనేమో 1907 సూరత్ కాంగ్రెస్‌లో అతివాదులతో విడిపోయిన గోఖలే వర్గాన్ని మితవాదులని నేర్పారు. ఒకే మాట ఇద్దరు వేర్వేరు మనుషులకు. ఇలాంటి భాషలో క్విజ్ రాయబోయేవాళ్లు ఈ మాట దగ్గరే ముందు ఆగాలి.

పేరు అడగని ప్రశ్నలు

గౌలిపురాలో పుట్టి పెరిగిన నాకు ఈ ఆటలో అన్నిటికన్నా నచ్చినది ఒకటే. అది పేరు అడగదు. ఇల్లెక్కడని అడగదు.

పాతబస్తీ మనిషికి ఇదెంత కొత్తో బయటివాళ్లకు వివరించాలి. మూసీ దాటి అవతలికి వెళ్లి మాది ఫలానా గల్లీ అని చెబితే చాలు, ఎదుటివాళ్లు మన ఓటు చెప్పేస్తారు. పేరు చెబితే ఆ మిగిలిన అనుమానమూ తీరిపోతుంది. టీవీ వాళ్ల పటంలో మా నియోజకవర్గాలకు ఎప్పుడూ ఒకటే రంగు. 1984 నుంచి హైదరాబాద్ లోక్‌సభ సీటు ఒకే కుటుంబానిది: 2004 వరకు సుల్తాన్ సలావుద్దీన్ ఒవైసీ, ఆ తర్వాత ఆయన కుమారుడు అసదుద్దీన్. 2024లో ఆధిక్యం 3,38,087 ఓట్లు. దాని కిందే ఉన్న గోషామహల్‌లో 2014, 2018, 2023 శాసనసభ ఎన్నికల్లో మూడుసార్లూ బీజేపీ. ఈ అంకెలు చూసినవాళ్లు ఇక్కడ అభిప్రాయాలు లేవు, ఉన్నవల్లా రెండు గుంపులే అనుకుంటారు.

ఇంకో అంకె చూడండి. 2023 శాసనసభ ఎన్నికల్లో యాకుత్‌పురాలో పోలైనది 39.64 శాతం. మజ్లిస్ గెలిచిన ఆధిక్యం 878 ఓట్లు. ఓడినవారు మజ్లిస్ బచావో తహ్రీక్ అభ్యర్థి, అంటే పోటీ రెండు మతాల మధ్య కాదు, ఒకే వర్గంలోని రెండు ఆలోచనల మధ్య. పోలింగుకు రాని అరవై శాతం మంది ఏమనుకుంటున్నారో ఏ పటమూ చూపలేదు. అనుకునేది లేక రాలేదా, అనుకుంటున్నది అడిగే దిక్కులేక రాలేదా? రెండోదే ఎక్కువని నా నమ్మకం. ఆ హోటల్ బల్ల దగ్గర కూర్చున్నాక ఆ నమ్మకం గట్టిపడింది.

గాజుల దుకాణం అబ్బాయి ఒక వాక్యం దగ్గర చాలాసేపు ఆగాడు. భూమి కొనుక్కునే, అమ్ముకునే సరుకు కాకూడదు అన్నది ఆ వాక్యం. వాళ్ల బంధువుల దుకాణం దారుల్‌షిఫా నుంచి షాలిబండ వెళ్లే దారిలో ఉంది. 2024 మార్చి 8న ఫారూఖ్‌నగర్‌లో పాతబస్తీ మెట్రోకు శంకుస్థాపన జరిగింది. ఆ మార్గం కోసం రోడ్డు వెడల్పు చేస్తూ కొన్ని దుకాణాల ముందుభాగాలు తీసేశారు. "మెట్రో కావాలె. నేను గూడ ఎక్కుత. కానీ మా తాత కొన్న జాగ సరుకు కాదంటే, మరి పైసలు దేనికిచ్చిన్రు?" అని తనలో తాను మాట్లాడుకుని పక్కా నక్కో నొక్కాడు. ఆ జవాబు చుక్కను కుడికి జరిపింది. ఎందుకు జరిగిందో ఆ చుక్కను చూసి ఎవరూ చెప్పలేరు.

అమ్మ జవాబు

మర్నాడు లాల్‌దర్వాజా కుర్రాడు నన్ను వాళ్లింటికి తీసుకెళ్లాడు. మహంకాళి గుడికి నాలుగు సందుల అవతల, రెండు గదుల ఇల్లు. వరండాలో కుట్టుమిషన్. వాళ్లమ్మ పద్దెనిమిదేళ్లుగా జాకెట్లు కుడుతున్నారు. చెల్లెలు బీకాం.

చెల్లెలి చుక్క అన్నకన్నా కిందికి వచ్చింది. అమ్మను కూడా ఆడమని ఇద్దరూ పట్టుబట్టారు. "నాకు ఇంగ్లీషొస్తదా?" అన్నారావిడ. "నువ్వు కుట్టు, మేం అడుగుతం" అంది కూతురు. మిషన్ తొక్కుతూనే జవాబులు చెప్పసాగారు. నేను చూసిన అందరిలోకీ వేగంగా చెప్పింది ఆవిడే. ఎక్కడా తడుముకోలేదు.

పని చేసే శక్తి ఉండీ చేయనివాళ్లను సమాజం పోషించనక్కర్లేదు: పక్కా హౌ. కూతురు ఊరుకోలేదు. "మరి నువ్వు ఫ్రీ బస్సుల పోతవు గదమ్మా!" 2023 డిసెంబర్ 9న మహాలక్ష్మి పథకం మొదలైనప్పటి నుంచి ఆవిడ బట్టల కోసం మదీనా దాకా ఆర్టీసీ బస్సులోనే వెళ్లి వస్తున్నారు.

"నేను కూసొని తింటున్ననా? బస్సుల పోయి బట్ట తెస్తున్న, కుడుతున్న. గది పనికి సాయం. పని లేనోనికి పెట్టుడు కాదు."

తర్వాతి వాక్యం: తల్లులు ఉద్యోగాలు చేయవచ్చు గానీ వాళ్ల మొదటి బాధ్యత ఇల్లే. ఆవిడ దారం పంటితో తెంపుతూ "పక్కా హౌ" అన్నారు.

కూతురు ఫోన్ పక్కన పెట్టేసింది. కళ్లలో నీళ్లొక్కటే తక్కువ. తనను చదివించిన అమ్మ, పెళ్లి మాట ఎత్తిన మేనత్తలను గుమ్మంలోనే ఆపిన అమ్మ ఇలా అంటుందనుకోలేదు. ఆవిడ మిషన్ ఆపి కూతురి వైపు తిరిగారు.

"మొదటి బాధ్యత ఎవరిదని అడిగినవు, చెప్పిన. నాది గాకుంటే ఎవరు చేసిన్రు ఇన్నేండ్లు? ఇంట్ల మొదటి సంపాదన ఎవరిదని అడుగు, గది గూడ చెప్త."

ఆ క్విజ్‌లో ఆ వాక్యం లేదు. ఆవిడ చుక్క ఎర్ర గడిలో, బాగా పైన పడింది. పటం లెక్కలో ఆవిడ సంప్రదాయాన్ని పట్టుకుని వేలాడే మనిషి. వరండాలో మిషన్ ముందున్న మనిషిని చూసినవాళ్లెవరూ ఆ మాట అనలేరు. తల్లీకూతుళ్లు ఆ సాయంత్రం చాలాసేపు మాట్లాడుకున్నారని, పద్దెనిమిదేళ్లలో ఆ విషయం మీద మాట్లాడుకోవడం అదే మొదటిసారని తర్వాత కొడుకు చెప్పాడు. నాకు చుక్క కన్నా ఆ కబురు ముఖ్యం అనిపించింది.

మన కొలబద్ద వేరు

ఆ అమ్మ ఒక్కరే కాదు. పేదవాడికి ప్రభుత్వం బియ్యం ఇవ్వాలి, ఇంట్లో మాత్రం పెద్దల మాట సాగాలి అనేవాళ్లు తెలుగు నేలంతటా కనిపిస్తారు. 1983లో అధికారంలోకి వచ్చి కిలో రెండు రూపాయల బియ్యం ఇచ్చిన ఎన్టీ రామారావు, ఆ తర్వాత కాషాయం కట్టి సభల్లో తిరిగినా ఏ ఓటరూ తికమక పడలేదు. 1959లో స్వతంత్ర పార్టీ మొదటి అధ్యక్షుడైన ఆచార్య రంగా జీవితమంతా రైతు కోసం నిలబడ్డారు, సహకార వ్యవసాయం పేరుతో రైతు భూమి మీదికి వస్తే మాత్రం నెహ్రూనే ఎదిరించారు. ఆయన్ను ఏ గడిలో వేస్తారు?

ఈ చిక్కు పట్టుకున్న పుస్తకం ఒకటుంది. ప్రదీప్ ఛిబ్బర్, రాహుల్ వర్మ 2018లో వెలువరించిన ‘ఐడియాలజీ అండ్ ఐడెంటిటీ’. మన దేశంలో సిద్ధాంతాలు లేవు, కులమూ డబ్బే నడిపిస్తాయన్న మాటను వాళ్లు ఒప్పుకోలేదు. సిద్ధాంతం ఉంది, అది యూరప్ గీతల మీద లేదన్నారు. వాళ్లు చూపిన గీతలు రెండు. ఇంటి ఆచారాల్లో, ఆస్తుల పంపకంలో ప్రభుత్వం ఎంతవరకు వేలు పెట్టవచ్చు? వెనకబడిన వర్గాలకు, మైనారిటీలకు ప్రత్యేక గుర్తింపు, రిజర్వేషన్ ఉండాలా? పాతబస్తీలో ఏ చాయ్ బల్ల దగ్గరైనా ఈ రెండు ప్రశ్నలు వేసి చూడండి, చాయ్ చల్లారిపోతుంది. 2007లో వచ్చిన బీసీ-ఈ నాలుగు శాతం కోటా, 2019 ట్రిపుల్ తలాక్ చట్టం, 2025 వక్ఫ్ సవరణ. ఇవేవీ ఆ 62 వాక్యాల్లో లేవు. అబ్‌స్ట్రాక్ట్ బొమ్మలు కళేనా కాదా అన్న వాక్యం ఉంది.

చుక్క వద్దన్న పెద్దాయన

మొఘల్‌పురా అబ్బాయి తాతయ్య ఉర్దూ మీడియం బడిలో టీచరుగా రిటైరయ్యారు. మనవడు ఫోన్ చాపితే చేత్తోనే వద్దన్నారు. నాకు మాత్రం కుర్చీ వేయించి తన ఇంటి సంగతి చెప్పారు. ఆయన చిన్నప్పుడు వాళ్ల నాన్న మజ్లిస్ మనిషి. పెద్దన్న ఎర్రజెండా. మేనమామ గాంధీ టోపీ పెట్టుకునే కాంగ్రెస్. ముగ్గురూ రాత్రి ఒకే దస్తర్‌ఖాన్ మీద కూర్చుని వాదించుకునేవారు. నాన్న లేచి చేయి కడుక్కుంటే వాదన ముగిసినట్టు.

ఆయన చెప్పింది ఒక్క ఇంటి కథ కాదు. మూసీ ఒడ్డున సిటీ కాలేజీలో పాఠాలు చెప్పిన మఖ్దూం మొహియుద్దీన్ ఉర్దూ కవి, హైదరాబాద్‌లో కమ్యూనిస్టు పార్టీని నిలబెట్టినవారిలో ఒకరు. సాయుధ పోరాటం రోజుల్లో అజ్ఞాతవాసం చేశారు, 1969లో కన్నుమూశారు. ఆయన సహచరుడు డాక్టర్ రాజ్‌బహదూర్ గౌర్ వైద్యం చదివి కార్మిక సంఘాల్లోకి వెళ్లారు. 1952 నుంచి 1962 దాకా రాజ్యసభలో ఉన్నారు, ఉర్దూ కోసం జీవితమంతా పనిచేశారు. వాళ్ల పేర్లు చూసి వాళ్ల రాజకీయం చెప్పగలిగేవాళ్లు అప్పట్లో ఉండేవారు కాదు. అంతటి బస్తీని మనం రెండు రంగులకు కుదించుకున్నాం. ఆ బాధ పెద్దాయన గొంతులోనూ వినిపించింది.

"నేనెవరికి వేశానో నా భార్యకు కూడా చెప్పలేదు బాబూ. ఆమె నాకు చెప్పలేదు. యాభై ఏళ్లు సుఖంగా కాపురం చేశాం" అన్నారాయన, వచ్చీరాని తెలుగులో, ఎంతో మర్యాదగా.

చట్టం కూడా ఆయన వైపే ఉంది. 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 94వ సెక్షన్ ప్రకారం, ఎవరికి ఓటేశారో చెప్పమని సాక్షిని గానీ మరొకరిని గానీ బలవంతపెట్టకూడదు, కోర్టులో సైతం. ఓటు చెప్పమని కోర్టు అడగలేదు. అభిప్రాయం మాత్రం యాప్ అడుగుతుంది, మనం చెప్పేస్తాం.

> 335 మంది ఆడితే...
>
> 2014 ప్రాంతంలో ఫేస్‌బుక్‌లో ఒక వ్యక్తిత్వ క్విజ్ నడిచింది. పేరు ‘దిస్ ఈజ్ యువర్ డిజిటల్ లైఫ్’. దాన్ని ఆడినవాళ్ల సమాచారమే కాదు, వాళ్ల స్నేహితుల సమాచారం కూడా కేంబ్రిడ్జ్ అనలిటికా అనే రాజకీయ కన్సల్టెన్సీ చేతికి చేరింది. 2018లో ఫేస్‌బుక్ ఇచ్చిన లెక్క ప్రకారం ప్రపంచవ్యాప్తంగా 8.7 కోట్ల మంది వరకు చిక్కుకున్నారు. మన దేశంలో ఆ యాప్ పెట్టుకున్నది 335 మంది. వాళ్ల వల్ల సమాచారం పోయి ఉండవచ్చన్నవాళ్లు 5,62,000 మందికి పైగా. 2021 జనవరిలో సీబీఐ కేసు నమోదు చేసింది.
>
> యూరప్ చట్టం రాజకీయ అభిప్రాయాన్ని ప్రత్యేక రక్షణ ఉన్న సమాచారంగా లెక్కిస్తుంది. మన 2011 ఐటీ నిబంధనల సున్నిత సమాచారం జాబితాలో పాస్‌వర్డ్, బ్యాంకు ఖాతా, ఆరోగ్యం, వేలిముద్ర ఉన్నాయి, రాజకీయ అభిప్రాయం లేదు. 2023లో వచ్చిన డేటా రక్షణ చట్టం అలాంటి వేరు జాబితానే పెట్టలేదు.

నవ్వేది ఎవరిని, అడిగేది ఎవరిని

ఆ రాత్రి ఒక చిన్న సంఘటన జరిగింది. నేనెంత ప్రయత్నించినా దాన్ని పక్కన పెట్టలేకపోతున్నాను.

చుక్కలు వచ్చాక లాల్‌దర్వాజా కుర్రాడు తన పటాన్ని వాట్సాప్ స్టేటస్‌గా పెట్టేశాడు. ‘గ్రీన్ గ్యాంగ్’ అని కింద రాశాడు. మొఘల్‌పురా అబ్బాయి తన స్క్రీన్‌షాట్ తీసుకున్నాడు, ఒక నిమిషం చూసుకున్నాడు, తర్వాత చెరిపేశాడు. "ఏమైందిరా, పెట్టు" అన్నారు మిగతావాళ్లు.

"నక్కో భాయ్. నీ చుక్క చూస్తే నవ్వుతరు. నా చుక్క చూస్తే అడుగుతరు."

ఎవరూ మాట్లాడలేదు. రెండు చుక్కలూ పటంలో పక్కపక్కనే ఉన్నాయి. ప్రభుత్వం మనిషి సొంత బతుకులోకి తొంగి చూడకూడదని ఇద్దరూ ఒకేలా అన్నారు. దాన్ని బయటికి చెప్పే ధైర్యం మాత్రం ఇద్దరికీ ఒకేలా లేదు.

వాడి భయం ఉత్తది కాదు. 2021లో లాక్‌డౌన్ వేళ పాతబస్తీలోని షాహ్రాన్ మార్కెట్ దగ్గర పోలీసులు ఒక సామాజిక కార్యకర్తను ఆపి ఫొటో తీసుకున్నారు. ఎందుకు తీశారో, ఎక్కడ వాడతారో చెప్పాలంటూ ముఖాలు గుర్తించే టెక్నాలజీని సవాలు చేస్తూ ఆయన హైకోర్టుకు వెళ్లారు. 2022 జనవరిలో కోర్టు రాష్ట్ర ప్రభుత్వానికి నోటీసులిచ్చింది. ఆ ఊళ్లో పెరిగిన పిల్లవాడికి ఫోన్‌లో ఏముంచుకోవాలో, ఏం చెరిపేసుకోవాలో ఎవరూ నేర్పనక్కర్లేదు. అభిప్రాయం ఉన్నా దాచుకోవాల్సి రావడం ఆ వయసులో ఎంత బరువో, దాచుకోనక్కర్లేని మిగతా మనమంతా ఒక్క క్షణం ఊహించుకోవాలి.

జర్మనీలో ఇలా చేశారు

ఈ క్విజ్‌లను పనికొచ్చేలా వాడిన దేశాలున్నాయి. నెదర్లాండ్స్‌లో 1989లోనే ‘స్టెమ్‌వైజర్’ పేరుతో 60 వాక్యాల చిన్న పుస్తకం వేశారు. తర్వాత అది ఇంటర్నెట్లోకి వచ్చింది. దాన్ని చూసి జర్మనీ 2002లో ‘వాల్-ఓ-మాట్’ మొదలుపెట్టింది. నడిపేది ప్రభుత్వ పౌరవిద్యా సంస్థ. వాక్యాలు రాసే బృందంలో కొత్త ఓటర్లుంటారు. వాళ్లు రాసిన వాక్యాలను పార్టీలకు పంపుతారు. ఒప్పుకుంటారో లేదో పార్టీలే కారణాలతో సహా జవాబివ్వాలి. ఆ జవాబులు వచ్చాకే 38 వాక్యాలు ఖరారవుతాయి. ఓటరు తన జవాబులను పార్టీల జవాబులతో పోల్చుకుంటాడు. తటస్థం అనవచ్చు, ఒక ప్రశ్నను వదిలేయవచ్చు, తనకు ముఖ్యమైనదానికి రెట్టింపు బరువు వేయవచ్చు. 2021 జాతీయ ఎన్నికలప్పుడు దాన్ని రెండు కోట్ల సార్లకు పైగా వాడారు.

ఇక్కడ చుక్క లేదు, గడి లేదు. నువ్వెవరివని కాకుండా, నీకు కావాల్సింది ఎవరిస్తామంటున్నారని అడుగుతుంది. హైదరాబాద్ మహానగర పాలక సంస్థకు 2020లో ఎన్నికలు జరిగినప్పుడు 150 డివిజన్లు. పోలింగ్ సగానికి చేరలేదు. డివిజనుకు పోటీ చేసే ప్రతి అభ్యర్థి చేత ఇరవై ప్రశ్నలకు తెలుగులో, ఉర్దూలో లిఖితపూర్వకంగా జవాబు రాయిస్తే చాలు. వానొస్తే నిండే నాలా ఎవరు తవ్విస్తారు? 2024లో మూసీ ఒడ్డున చాదర్‌ఘాట్ శంకర్‌నగర్ ఇళ్ల గోడల మీద గుర్తులు వేశారు, ఆ ఇళ్లవాళ్లను ఎక్కడికి పొమ్మంటారు? చార్మినార్ చుట్టూ బండి పెట్టుకునేవాడికి జాగా ఉందా, లేదా? ఇవి అడగడానికి పెద్ద సంస్థ కూడా అక్కర్లేదు.

ఆ మాటే మళ్లీ హోటలుకు వెళ్లినప్పుడు ఆ నలుగురితో అన్నాను. నేను ముగించకముందే సీఏ కుర్రాడు జేబులోంచి పెన్ను తీశాడు. కాగితం లేదు. ఉస్మానియా బిస్కెట్ల అట్టపెట్టె చింపి వెనకవైపు తిప్పారు.

మొదటి ప్రశ్న నీళ్ల గురించి రాశారు, గొడవ లేకుండా అయిపోయింది. రెండోది గాజుల దుకాణం అబ్బాయి చెప్పాడు: రోడ్డు కోసం జాగా తీసుకుంటే ముందు డబ్బు, తర్వాతే గడ్డపార. మూడోది లాల్‌దర్వాజా అమ్మది, కొడుకు ఆవిడ మాటల్లోనే రాశాడు. నాలుగో ప్రశ్న దగ్గర వాదన మొదలైంది. ‘పాతబస్తీలో హోటళ్లు రాత్రంతా తెరిచి ఉంచనివ్వాలి.’ నలుగురూ పక్కా హౌ అన్నారు. అందరూ ఒప్పుకునేది ప్రశ్నే కాదు, కొట్టేయమన్నాడు మొఘల్‌పురా అబ్బాయి.

బల్ల తుడవడానికి వచ్చిన పిల్లవాడు అట్టముక్క మీద ఏం రాశారని అడిగాడు. పదిహేడేళ్లుంటాయేమో. చదివి వినిపించారు.

"పక్కా నక్కో" అన్నాడు వాడు, గుడ్డ పిండుతూ. "పొద్దున ఆరింటికి షట్టర్ లేపేది నేనే."

సీఏ కుర్రాడు కొట్టేయబోయిన ప్రశ్నను అలాగే ఉంచి, దాని పక్కన కొత్తగా ఒక గీత గీశాడు. "డ్యూటీ ఎన్ని గంటలు నీకు?" అని అడిగాడు. పిల్లవాడు గల్లాపెట్టె వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి చెప్పాడు.